అమ్రాబాద్‌లో లాడ్జి కడితే చెంచులకే ఇవ్వండి

సంపాదకుల వారికి నమస్కారం.

అడవిలో బస అనగానే మనవాళ్లకు ఏసీ, స్విమ్మింగ్ పూల్, రాత్రి డీజే గుర్తొస్తాయి. కెన్యాలో ఇల్ న్గ్వేసి అనే లాడ్జి ఉంది, 1996లో మొదలైంది, ఉన్నవి ఆరే గదులు, అక్కడి కర్రతో, గడ్డితో కట్టినవి. దాని యజమానులు అక్కడి మాసాయి పశువుల కాపరులే, వచ్చిన డబ్బు వాళ్ల బడులకు, నీళ్లకు, వైద్యానికి పోతుంది. నమీబియా కూడా అదే ఏడు చట్టం మార్చి వన్యప్రాణుల మీద వచ్చే ఆదాయంలో ఊళ్లకు హక్కు ఇచ్చింది.

మరి మన నల్లమల? ఇక్కడి అమ్రాబాద్ 2,611 చదరపు కిలోమీటర్ల పులుల అభయారణ్యం, నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో పరుచుకుని ఉంది. అడుగుజాడ చూసి ఏ జంతువో చెప్పగల చెంచులు మన దగ్గరే ఉన్నారు. వాళ్లను గైడ్లుగా, పనివాళ్లుగా మాత్రమే చూడటం నాకు చాలా బాధ కలిగిస్తోంది. మన్ననూరు వైపు కొత్తగా ఏది కట్టినా గదులు తక్కువ ఉండాలి, యాజమాన్యం చెంచు పెంటల (అడవిలోని వాళ్ల గూడేల) సంఘాలదే కావాలి, లెక్కలు గ్రామసభలో చదవాలి. అటవీశాఖ, పర్యాటకశాఖ దీని మీద అచ్చంపేటలో ఒక బహిరంగ సమావేశం పెట్టాలని కోరుతున్నాను.

ఒక పాఠకుడు, కల్వకుర్తి