బస్సులో నువ్వడిగిన ప్రశ్నకు

చిట్టి బిడ్డకు,

హాస్టల్‌కు చేరావని మేడం ఫోన్ చేశాక మీ అమ్మకు టెన్షన్ తగ్గింది. గరిజెలు నీ రూమ్ పిల్లలకు కూడా పెట్టు.

డైనోసార్ పార్కు నుంచి వచ్చేటప్పుడు "ఇవి మన దగ్గర కూడా తిరిగినాయా నాన్నా?" అని అడిగావు. బస్సు రొదలో, తమ్ముడు ఒళ్లో నిద్రపోతుంటే, తీరిగ్గా చెప్పే వీలు కాలేదు.

తిరిగాయి బిడ్డా. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర, రాయిగా మారిన ఎముకలు చాలా దొరికాయి. ఆ జంతువుకు 1988లో కోటసారస్ అని పేరు పెట్టారు. పొడవు మెడ, నాలుగు కాళ్ల నడక, ఆకులు మేసేది. సుమారు 18 కోట్ల ఏళ్ల కిందటిది. పార్కులో తమ్ముణ్ని ఏడిపించిన బొమ్మ టీ-రెక్స్ అనే మాంసం తినే డైనోసార్‌ది. అది ఉత్తర అమెరికాది, 6.6 కోట్ల ఏళ్ల కిందట అంతరించింది. లెక్క వేసి చూడు, కాలంలో టీ-రెక్స్‌కు మన కోటసారస్ కంటే మనమే దగ్గర! ఇది తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందరూ ఆ టీ-రెక్స్ ముందు సెల్ఫీలు దిగుతుంటే నువ్వు వెనక్కి పోయి, మెడ కింద రబ్బరు తోలు చిరిగిన చోట ఇనుప కడ్డీ చూశావు. నోరు తెరిచే ముందు లోపల మోటారు గుర్రుమంటుందని తమ్ముడికి చెప్పావు. అప్పటికి గానీ వాడు నాయనమ్మ కొంగు వదల్లేదు. తాళ్ల వంతెన మీద వాడు సగంలో బిగుసుకుపోతే "కింద చూడకు, నా జడ చూసుకుంట రా" అని ముందు నడిచావు. నువ్వు దూరంగా ఎట్లా ఉంటావోనని నాకు రోజూ ఉండే దిగులు ఆ వంతెన కిందే సగం పోయింది.

ఇంకోటి. మన లతీఫ్ సాహెబ్ గుట్ట మీద డైనోసార్ ఎముకలు వెతుకుతానన్నావు కదా, అక్కడ దొరకవు. మట్టి, ఇసుక లాంటివి పేరుకుని రాయైన చోట్లే ఎక్కువగా ఎముకలు నిలుస్తాయి. మన నల్లగొండ గ్రానైట్ భూమి లోపల కరిగిన రాయి చల్లారి గట్టిపడ్డది, దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటిది. కోటసారస్ తిరిగేనాటికే ఆ బండలు చాలా పాతవి.

సంక్రాంతి సెలవుల్లో హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియానికి పోదాం. కోటసారస్ అస్థిపంజరం అక్కడే నిలబెట్టారు. దానికి కూడా మోటారు ఉంటుందా అని తమ్ముడు అడుగుతున్నాడు. ఉండదంటే నా మాట నమ్మడం లేదు. వాడికి నువ్వే ఒక ఉత్తరం రాయి.

మీ నాన్న