వికీ తగాదాలు తెగాలంటే పత్రికల జిల్లా పేజీలు నిలవాలి

సంపాదకులకు నమస్కారం.

తెలుగు వికీపీడియాలో ఎవరు పడితే వాళ్లు రాస్తారనీ, ఒకరు రాసింది ఇంకొకరు చెరిపేస్తూ కొట్లాడుకుంటారనీ తరచూ వినబడుతోంది. ఎవరైనా రాయొచ్చన్నది నిజమే, తగాదాలూ నిజమే. అవి దేని మీద వస్తాయో, ఎందుకు తెగకుండా నానుతాయో మాత్రం బయటివారికి అంతగా తెలియదు. అందులో పత్రికలకూ పాలుంది కాబట్టి మన ఉమ్మడి వరంగల్ వ్యాసాలను పట్టుకునే ఈ ఉత్తరం రాస్తున్నాం.

పరకాలనే చూడండి. 2016 అక్టోబరు 11 దాకా అది వరంగల్ జిల్లా. ఆ రోజు నుంచి వరంగల్ గ్రామీణ జిల్లా. 2021 ఆగస్టులో గ్రామీణ జిల్లాకు వరంగల్ అనీ, వరంగల్ అర్బన్ జిల్లాకు హనుమకొండ అనీ పేర్లు మార్చినప్పుడు మండలాలు కూడా అటూ ఇటూ అయ్యాయి. పరకాల హనుమకొండలోకి వచ్చింది, ఖిలా వరంగల్ మండలం వరంగల్‌లోకి పోయింది. 2018 నాటి వార్త చూపించి ఒకరు ‘గ్రామీణ’ అని దిద్దుతారు, ప్రభుత్వ ఉత్తర్వు చూపించి ఇంకొకరు ‘హనుమకొండ’ అంటారు, పాత పుస్తకం చూసి మరొకరు ‘వరంగల్’ అని పెడతారు. ఎవరి ఆధారం వారికుంది, ఏ నాటి సంగతి అన్నదే ఎవరూ రాయరు. వ్యాసం పక్కన ముఖ్య వివరాలుండే సమాచారపెట్టెలో ఇప్పటి జిల్లా ఉంచి, చరిత్ర విభాగంలో పాత జిల్లాలను తేదీలతో రాస్తే గొడవ అక్కడితో సరి. జనాభా దగ్గర చిక్కు ఇంకా ఎక్కువ. 2011 లెక్కల్లోని 35,12,576 ఉమ్మడి జిల్లాది. దాన్ని ఇప్పటి వరంగల్ జిల్లా వ్యాసంలో పెట్టడం పెద్ద తప్పు. కొత్త జిల్లా అంకె కావాలంటే అందులోకి వచ్చిన ఊళ్ల, పట్టణాల అంకెలు కూడుకోవాల్సిందే. మామూలు కూడికను వికీలో కూడని సొంత పరిశోధనగా లెక్కించరు. వేటిని కలిపారో వ్యాసానికి జతగా ఉండే చర్చ పేజీలో చూపిస్తే చాలు.

తగాదా ముదిరేది ఇతరుల మార్పును వెనక్కి తిప్పే ‘రద్దుచెయ్యి’ దగ్గర. కొత్తగా వచ్చినవారు తమ ఊరి వ్యాసంలో పది వాక్యాలు చేరుస్తారు. అందులో ఒకటి స్థానిక నాయకుడి పొగడ్త. అనుభవమున్న వాడుకరి ఆ ఒక్కటి తీసేయక, పదింటినీ రద్దు చేస్తారు. వారు మళ్లీ పెడతారు, వీరు మళ్లీ తీస్తారు. 24 గంటల్లో ఒకే పేజీలో మూడుకు మించి తిరుగుసేతలు (ఇలాంటి రద్దులు) చేయకూడదని నియమం ఉంది, కానీ మూడు దాకా మన హక్కు అనుకోవడం పొరపాటు. నిర్వాహకులు వచ్చి పేజీకి సంరక్షణ పెడితే, అంటే మార్పులు ఆపితే, ఆ క్షణాన ఏ కూర్పు ఉంటే అదే నిలుస్తుంది. దాన్ని చూసి నిర్వాహకులు ఫలానావారి పక్షం అనుకుంటారు. పేజీని కాపాడటం, తొలగించడం, వాడుకరిని నిరోధించడం వారి పని. వ్యాసంలో ఏం ఉండాలన్న దాంట్లో వారి మాటకూ మిగతావారి మాటకూ ఒకటే విలువ. చేయాల్సిందల్లా పేజీలో జరిగిన మార్పులన్నీ చూపే ‘చరిత్ర’ తెరిచి ఆ దిద్దుబాటు చూడటం, నచ్చని వాక్యాన్నే తీయడం, దిద్దుబాటు సారాంశంలో ‘చెత్త’ అని కాకుండా ‘మూడో పేరాకు మూలం లేదు’ అని రాయడం. తర్వాత చర్చ పేజీలో ఒక్క అంశానికి ఒక్క విభాగం తెరిచి, పుస్తకం పేజీ సంఖ్యతో సహా చెప్పి, నాలుగు టిల్డేలతో (~~~~) సంతకం చేసి ఒక వారం ఆగాలి. అప్పటికీ తేలకపోతే వాడుకరులందరూ చర్చించుకునే రచ్చబండ పేజీ ఉంది. అక్కడ తలలు లెక్కపెట్టరు, మూలాల బలం చూస్తారు.

చరిత్ర వ్యాసాల్లో ఇది మరీ అవసరం. రుద్రమదేవి మరణం కొన్ని పుస్తకాల్లో 1295, మరికొన్నింట్లో 1289. నల్లగొండ జిల్లాలోని చందుపట్ల శాసనం 1289 నవంబరు 27 నాటిది. చనిపోయిన ఆమెకూ, సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యంగా ఇచ్చిన దానం అది. తిరగబడ్డ కాయస్థ నాయకుడు అంబదేవుడితో యుద్ధంలో చనిపోయిందన్నది చరిత్రకారులు కట్టిన అంచనా, శాసనంలో ఆ మాట లేదు. ఈ రెంటినీ కలిపి ఒకే వాక్యంగా రాస్తే గొడవ ఖాయం. ఎవరు ఏ ఆధారంతో చెప్పారో విడదీసి రాస్తే రెండు పక్షాలూ ఒప్పుకుంటాయి.

ఇక పత్రికల సంగతి. మూలం లేకుండా ఎవరో వికీలో పెట్టిన అంకెను విలేకరి వార్తలోకి తీసుకుంటారు. రేపు ఆ వార్తనే వికీలో మూలంగా ఇస్తారు. అప్పుడు తప్పుకు ముద్ర పడ్డట్టే. దీన్ని పట్టుకోవాలంటే పేజీ చరిత్రలో ఆ అంకె చేరిన రోజును వార్త తేదీతో పోల్చాలి. వికీలోనే ముందు చేరి ఉంటే ఆ వార్తను మూలంగా ఒప్పుకోలేం. ఒక్క అంకె కోసం వందల కూర్పులు వెతకాల్సి వస్తోంది.

అందుకే మా విన్నపం. వికీ నుంచి అంకెలు తీసుకునే ముందు అక్కడి మూలం తెరిచి చూడమని మీ విలేకరులకు చెప్పండి. రామప్ప గుడి ఫొటోను వికీమీడియా వారి ఫొటోల నిల్వ అయిన కామన్స్ నుంచి వాడితే, తీసినవారి పేరూ లైసెన్సూ కింద వేయండి. వెబ్‌సైట్ మార్చినప్పుడు పాత లంకెలు చచ్చిపోకుండా కొత్తవాటికి దారి మళ్లించండి. అన్నిటికంటే ముఖ్యం మీ పత్రిక జిల్లా పేజీలు. ఊరి గుడి, చెరువు, బడి, జాతర గురించి ఇంకెక్కడా దొరకని వివరం వాటిలోనే ఉంటుంది. లాగిన్ వెనక ఉండే ఈ-పేపర్ పేజీని, వెబ్ పేజీల పాత ప్రతులు దాచే వేబ్యాక్ మెషీన్ కూడా భద్రపరచలేకపోతుంది. వికీ మూలానికి లంకె తప్పనిసరి కాదు, పత్రిక పేరు, తేదీ, ఎడిషన్, పేజీ సంఖ్య ఉంటే చెల్లుతుంది. కానీ ఎదుటివారు సరిచూసుకోవడానికి ఆ పేజీ ఎక్కడో ఒకచోట దొరకాలి. వరంగల్ ఎడిషన్ జిల్లా పేజీల పాత సంచికలను తేదీవారీగా వెతుక్కునే వీలు కల్పించండి. అది కుదరకపోతే అచ్చు ప్రతుల కట్టలైనా హనుమకొండలో ఒక గ్రంథాలయానికి క్రమం తప్పకుండా అందేలా చూడండి.

— కొందరు తెలుగు వికీపీడియా వాడుకరులు, హనుమకొండ