ముందు ఆ చౌడు ఏ రకమో తేల్చుకో నాన్నా

చిరంజీవి రవికి,

అమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం.

డ్రైను పక్క అరెకరంలో క్యారెట్, బీట్‌రూట్ వేస్తానని నువ్వన్నప్పటి నుంచి నాకు సంతోషంగానూ ఉంది, టెన్షన్‌గానూ ఉంది. ఆ నేల చౌడు పోవడానికి చల్లాలనుకున్న జిప్సానికి అడ్వాన్స్ ఇంకా ఇవ్వకపోతే ఆగు నాన్నా. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుందని రాస్తున్నాను.

చౌడంతా ఒకటి కాదు. ఎండాకాలం తెల్లగా పొక్కి, కాలు పెడితే మెత్తగా దిగేది పాలచౌడు. అందులో ఉప్పు మంచినీళ్లతో కడిగితే పోతుంది, జిప్సం దండగ. వాన నీళ్లు ఇంకకుండా నిలబడిపోయి, ఎండితే బిగుసుకుపోయేది కారుచౌడు. అక్కడ సోడియం మట్టి రేణువులనే పట్టుకుని ఉంటుంది. జిప్సంలోని కాల్షియం వచ్చి దాన్ని తప్పిస్తే గానీ కదలదు.

నిన్న రెండు గాజు గ్లాసుల్లో వాననీళ్లు పోసి, ఒకదాంట్లో డ్రైను వైపు మట్టిగడ్డ, రెండోదాంట్లో పైమూల గడ్డ వేసి కదపకుండా పెట్టాను. పొద్దునకి మొదటిది అడుక్కి దిగి, పైన నీళ్లు తేటగా ఉన్నాయి. రెండోది ఇప్పటికీ చిక్కటి టీలాగే ఉంది, తేరుకోలేదు. అలా తేరుకోకపోవడం సోడియం గుర్తు, అంటే కారుచౌడు పైమూలనే ఉన్నట్టుంది. జిప్సం అక్కడికే కావాలి, ఎంత కావాలో మట్టి పరీక్ష చెబుతుంది. పైమట్టి, అడుగు లోతు మట్టి విడివిడిగా తీసి బాపట్ల తీసుకెళ్లు. ఉప్పు నేలల మీద, ఉప్పు నీళ్ల మీదే పరిశోధన చేసే కేంద్రం ఉందక్కడ. పీహెచ్, అంటే క్షారగుణం కొలత, 8.5 దాటితే కారుచౌడు; ఈసీ, అంటే కరిగిన ఉప్పు కొలత, 4 దాటితే పాలచౌడు; రెండూ దాటితే రెండు రకాలూ కలిసినట్టు. ఆ 4 అనేది మట్టిని నీళ్లతో ముద్దగా తడిపి, పిండి తీసిన నీళ్ల లెక్క. ఎక్కువ నీళ్లు కలిపి చూస్తే అంకె బాగా తగ్గుతుంది, కాబట్టి ఏ పద్ధతో అడుగు.

అన్నిటికన్నా ముందు మురుగు పోవాలి. కడిగిన ఉప్పు బయటికి పోయే దారి లేకపోతే ఊటనీళ్లు పైకొచ్చి, ఎండలు రాగానే మళ్లీ తెల్లగా తేలుతుంది. 1977 నవంబరు ఉప్పెనకు సముద్రం పొలాల్లోకి వచ్చినప్పుడు మీ తాతయ్య చేసింది అదే: కాలువ పూడిక తీసి, గట్లు కట్టి, వాననీళ్లు నిలబెట్టి వదలడం. ఇప్పుడు పక్కన రొయ్యల చెరువు ఊట కూడా ఉంది. ఆ వైపు లోతుగా కందకం తవ్వించకుండా నువ్వు ఏం చేసినా నిలవదు.

గట్టిదనం సంగతి. తడి మీద రోటవేటర్ తిప్పి తిప్పి కింద గట్టి పొర కట్టింది, గునపం దిగడం లేదు. ఈ వేసవిలో నేల ఎండి ఉండగానే సబ్‌సాయిలర్‌తో, అదే ట్రాక్టరుకి తగిలించి లోతుగా చీల్చే నాగలితో, చీల్పించు. చీల్చాలే గానీ తిరగేయకూడదు, అడుగునున్న చెడ్డ మట్టి పైకొస్తుంది. పైమూలన జిప్సం కలిపి నీళ్లు నిలబెట్టి తీశాక, చేనంతా జీలుగ చల్లు. చౌడుకు ఓర్చుకుని పెరుగుతుంది, వేరు లోతుకి దిగుతుంది. పూతకు రాగానే కలియదున్ను.

చలికాలానికి బీట్‌రూట్ ఒక్కటే వెయ్యి. అది ఈసీ 4 దాకా తట్టుకుంటుంది. క్యారెట్‌కి 1 దాటగానే దిగుబడి తగ్గడం మొదలవుతుంది, ముల్లంగి కూడా ఇంచుమించు అంతే. నీకు క్యారెట్ మీదే మనసని తెలుసు, కానీ ఈ ఏడాది ఆ నేల ఇవ్వలేదు. బోదెలు తోలాక విత్తనం గట్టు నెత్తిన పెట్టకు, ఉప్పంతా అక్కడికే చేరుతుంది. పక్క వాలులో పెట్టి, వరిగడ్డి పరిస్తే చెమ్మ ఆరదు, ఉప్పు పైకి లాగదు. పశువుల ఎరువు బాగా మాగిందే వెయ్యి, పచ్చి పేడకి దుంప చీలిపోతుంది.

శనివారం వచ్చేటప్పుడు మట్టి తీయడానికి శుభ్రమైన గుడ్డ సంచులు తీసుకురా, ఎరువుల సంచులు వద్దు. కందకం తవ్వే మనిషిని నేను మాట్లాడి ఉంచుతాను.

ఇట్లు,
అమ్మ