షీల్డు నా చేతికొచ్చిన కథ

ఒరేయ్ సూరీ,

ఆలస్యమైంది, తిట్టుకో. ఊడుపులయ్యాయి, అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి, నీ సైకిలు ఇంకా మా అటక మీదే. ఇక అసలు సంగతి విను.

మొన్న టౌన్‌కెళ్తే కాలవ వంతెన దగ్గర పోలీసులు బారులు తీరి ఉన్నారు. హెల్మెట్లు, మోకాళ్ళకి తొడుగులు, లాఠీలు, షీల్డులు. ఎదురుగా చూస్తే నలభై మంది జనం, అందులో సగం ఆడవాళ్ళే. నేను నా దారిన పోతుంటే ఒకడు "అవతలికి పో" అని షీల్డుతో నెట్టాడు. సంచీ జారి వంకాయలన్నీ రోడ్డు మీద! ఎవడా అని చూద్దును కదా, మన పాల వీర్రాజు మనవడు! నన్ను గుర్తే పట్టలేదు. హెల్మెట్ అద్దం నిండా ఆవిరి.

గంటాగి సోడా బండి దగ్గర హెల్మెట్ తీశాడు. నుదుటి మీద ఎర్రగా అచ్చు పడింది. "ఆయ్, మీరాండీ బాబాయ్ గారూ! కనపళ్ళేదండీ" అంటూ షీల్డు నా చేతికిచ్చి సోడా ఎత్తాడు. నేనలా నిలబడగానే అరటిపళ్ళ ముసలమ్మ బుట్ట వెనక్కి లాక్కుంది. నన్ను చూసిరా! పంచె కట్టుకున్న నన్ను! కోటిపల్లి రేవులో నీ వీరత్వం గుర్తొచ్చింది. అది రాయనులే, మీ ఆవిడ చదువుతుంది.

2014లో మీ అమెరికాలో, నల్లజాతి కుర్రాణ్ణి పోలీసు కాల్చి చంపాక ఫెర్గూసన్ ఊళ్ళో గొడవలైనప్పుడు, పక్కనే సెయింట్ లూయిస్ నుంచి నువ్వు ఫోన్లో చెప్తే నమ్మానా? సైన్యంలో మిగిలిన సామాను 1996 నాటి చట్టం కింద ఊరి పోలీసులకి ఉత్తినే ఇస్తారనీ, రవాణా ఖర్చు భరిస్తే చాలనీ, తీసుకున్న ఏడాదిలోగా వాడకం మొదలెట్టాలనీ. ఆ ఏడాది మాట నన్ను వదల్లేదురా. కొత్త కత్తిపీట కొంటే మా ఆవిడ ఆ రోజు ఏదో ఒకటి తరక్కుండా ఉంటుందా? 2015లో ఒబామా బాయొనెట్ల (తుపాకీ మొనకి తగిలించే కత్తులు) లాంటివి ఇవ్వొద్దన్నాడు, 2017లో ట్రంప్ ఆ ఆంక్షలు ఎత్తేశాడు. ఊరి పోలీసుకి బాయొనెట్ దేనికిరా?

మనకి ఆ బాధ లేదులే అనుకుంటూ కుర్రాణ్ణి అడిగాను, ట్రైనింగ్‌లో ఏం నేర్పార్రా అని. కవాతు, గుంపుల్ని నెట్టడం గబగబా చెప్పాడు. జనంతో మాట్లాడ్డమో? "అది... గుర్తులేదండీ."

ఫిర్యాదు చేద్దామని లాయరు దగ్గరికీ వెళ్ళాను. యూపీ డీజీపీగా చేసిన ప్రకాశ్‌సింగ్ పోలీసు వ్యవస్థని బాగుచెయ్యాలని 1996లో కేసేస్తే, 2006లో సుప్రీంకోర్టు ఏడు ఆదేశాలిచ్చింది కదా, పోలీసుల మీద ఫిర్యాదులు వినడానికి జిల్లాకో అథారిటీ పెట్టమని కూడా. ఆ ముక్క ఎత్తగానే లాయరు నవ్వి కాఫీ తెప్పించాడు. అయినా ఎవడి మీద పెట్టను? వీర్రాజు మనవడి మీదా? తెల్లారకుండా వచ్చి నిలబడ్డాడట, మధ్యలో ఒక ఇడ్లీ పొట్లం. వాడికా షీల్డిచ్చి నిలబెట్టిన వాళ్ళు మాత్రం...

అయ్యో, పోస్టాఫీసు కట్టేసే వేళయింది. సైకిలు అమ్మెయ్యనా, ఉంచనా, వెంటనే