మహమ్మారి ప్రణాళికలో మా సంఘాలకూ చోటివ్వండి

గౌరవనీయులైన సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ఒక పూర్వ విద్యార్థుల సంఘానికి కార్యదర్శిని. ఒక చిన్న సాంస్కృతిక సంస్థ కార్యవర్గంలో కూడా ఉన్నాను. కోవిడ్ రోజుల్లో ఈ రెండూ ఎలా నడిచాయో దగ్గరుండి చూశాను. 2025 మే 20న ప్రపంచ ఆరోగ్య సభ మహమ్మారి ఒప్పందాన్ని ఆమోదించాక, రాబోయే విపత్తుకు ముందస్తు ప్రణాళికల గురించి మళ్లీ చర్చ మొదలైంది. ఆస్పత్రులు, టీకాలు, బడులు, రవాణా, వీటన్నిటి గురించీ ఆ ప్రణాళికల్లో రాస్తారు, రాయాలి కూడా. జీతం తీసుకునే ఉద్యోగి ఒక్కరూ లేకుండా, సభ్యుల చందాలతో నడిచే మా లాంటి సంఘాల ఊసు వాటిలో ఉండదేమోనన్న భయంతో ఈ లేఖ రాస్తున్నాను.

హాళ్లు మూయడం తప్పని నేననడం లేదు. 2020 మార్చి 10న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో స్కాజిట్ వ్యాలీ అనే బృందగాన సంస్థ సభ్యులు 61 మంది రిహార్సల్‌కు కలిశారు. ఆ ఒక్క సాయంత్రంతో ముడిపడి 53 కేసులు తేలాయి. ఇద్దరు చనిపోయారు. కలిసి పాడుకోవడం తప్ప వాళ్లు చేసిందేమీ లేదు. కాబట్టి మూయాల్సి వచ్చినప్పుడు మూయాల్సిందే. మూసిన తర్వాత ఆ సభ్యులు ఏమవుతారన్నదే నా ప్రశ్న.

మొదటి రెండు నెలలూ అందరిలోనూ ఉత్సాహమే. ప్రతి సంస్థా ఆన్‌లైన్‌లో కార్యక్రమాలు పెట్టింది. 2019 డిసెంబర్‌లో జూమ్ సమావేశాల్లో చేరేవారు రోజుకు కోటి మంది ఉంటే, 2020 ఏప్రిల్‌కి ఆ సంఖ్య 30 కోట్లకు చేరింది. తర్వాత జనం అలసిపోయారు. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ ఒపెరా ఆ మార్చి నుంచే రోజుకొక ప్రదర్శనను ఉచితంగా చూపించింది. చూడటమే కావాలనుకుంటే సభ్యుడికి మా చిన్న సంస్థతో పనేముంది? అందుకే కార్యక్రమాల సంఖ్య పెంచుకుంటూ పోయిన చోట కూడా హాజరు తగ్గుతూనే వచ్చింది. నిలబడిన సంఘాల్లో సభ్యుల చేతిలో ఏదో ఒక పని ఉంది.

మా సంఘంలో సభ్యుల జాబితాను కార్యవర్గం పంచుకుని ఒక్కొక్కరికీ ఫోన్లు చేసింది. వాట్సాప్ గ్రూపులో లేనివాళ్లకు ముందు చేశాం. ఒక పెద్దావిడ ఫోన్ ఎత్తి, "చందా కోసమా బాబూ?" అని అడిగారు. కాదండీ, ఎలా ఉన్నారో కనుక్కుందామని చేశానన్నాను. కాసేపు మాట రాలేదు. తర్వాత తన బ్యాచ్‌లో ఒకావిడ పేరు చెప్పి, నంబరు దొరుకుతుందా అన్నారు. వెతికి ఇచ్చాం. నెల తిరిగేసరికి ఆ బ్యాచ్ మొత్తానికి ఫోన్లు చేసే బాధ్యత ఆవిడే తీసుకున్నారు. సంఘం దగ్గరున్న పాత గ్రూప్ ఫొటోలు పంపితే వరుసల వారీగా పేర్లు చెప్పారు. ఎవరు ఏ ఊళ్లో స్థిరపడ్డారో కూడా రాయించారు. స్మార్ట్‌ఫోన్ వాడటం రాని మనిషి ఇంట్లో కూర్చుని చేసిన పని ఇది. ఆ ఫొటోల వెనుక పేర్లు రాయాలని ఎన్నేళ్లుగానో అనుకుంటున్నాం, కుదరనే లేదు.

సాంస్కృతిక సంస్థల కష్టం ఇంకో రకం. కలిసి పాడాలన్నా, వాయించాలన్నా ఒకరి శబ్దం ఇంకొకరికి సుమారు 30 మిల్లీసెకన్ల లోపే చేరాలి. మామూలు వీడియో కాల్‌లో అంతకు ఎన్నో రెట్లు ఆలస్యం అవుతుంది. అందరూ ఒకేసారి పాడితే వినిపించేది గందరగోళమే. చేసేది లేక గురువు ఒక్కరే పాడుతుంటే మిగతావాళ్లు మ్యూట్‌లో పెట్టుకుని పాడేవారు. ప్రతి ఒక్కరికీ వినిపించేది గురువు గొంతు, తన గొంతు మాత్రమే. పక్కవాళ్ల గొంతుతో తన గొంతు కలిసిందో లేదో తెలియదు. బృందగానంలో ఉన్న ఆనందమంతా అక్కడే కదా! దీనికి మా గురువుగారు ఒక దారి కనిపెట్టారు. అందరినీ ఒకేసారి కూర్చోబెట్టడం మానేసి ఇద్దరిద్దరిని పిలిచేవారు. ఒకరు పాడితే ఇంకొకరు విని, బాగున్న చోటేదో, తప్పిన చోటేదో చెప్పాలి. వినడం కూడా పనే అయ్యేసరికి మానేసినవాళ్లు కొందరు మళ్లీ వచ్చారు.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. ఆ రోజుల్లో సభ్యులను నిజంగా కట్టి ఉంచినవి సంతాప సభలు. చివరిచూపుకు వెళ్లలేని కాలం అది. ఒక సహాధ్యాయి పోయినప్పుడు మూడు దేశాల్లో ఉన్న స్నేహితులు వీడియోలో కలిశారు. హాస్టల్ గది గురించి, పరీక్షల ముందు రాత్రుల గురించి మాట్లాడారు. నాన్నకు అంతమంది స్నేహితులున్నారని అప్పటిదాకా తెలియదని ఆయన కూతురు అంది. ఆ రోజు ఎవ్వరూ మధ్యలో వెళ్లిపోలేదు. కానీ ఉచిత ఖాతా కావడంతో 40 నిమిషాలకు కాల్ తెగిపోయింది. మళ్లీ లింక్ పంపి అందరినీ కలిపే లోపు, మాట్లాడుతూ కన్నీళ్లు పెట్టుకున్న మనిషి స్క్రీన్ ముందు నుంచి లేచి వెళ్లిపోయారు.

మంత్రి గారూ, అలా మధ్యలో తెగిపోని ఖాతాకు చందా కట్టడం ప్రభుత్వానికి పెద్ద భారం కాదు. 2020 జూలైలో బ్రిటన్ ప్రభుత్వం సంస్కృతి రంగానికి 157 కోట్ల పౌండ్ల సాయం ప్రకటించింది. అదే ఏడాది జర్మనీ వంద కోట్ల యూరోలతో ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. థియేటర్లు, మ్యూజియాలు, వృత్తి కళాకారులు నిలబడటానికి అలాంటి నిధులు కావాలి. మాకు అంత అక్కర్లేదు. సమావేశాల ఖాతా, ఫోన్ ఖర్చు, పెద్దవాళ్లకు పరికరం వాడటం ఓపికగా నేర్పే యువకులు కొందరు చాలు. దరఖాస్తు మాత్రం ఒక పేజీ దాటకూడదు. పెద్ద సంస్థల కోసం తయారైన ఫారాలు నింపడానికి మా దగ్గర ఆడిటర్లు ఉండరు.

చట్టం సంగతి కూడా చూడాలి. 2020లో చాలా దేశాలు కంపెనీలకు వార్షిక సమావేశాలు వీడియోలో జరుపుకునే వీలు కల్పించాయి. భారత్‌లో కూడా ఆ మే 5న సర్క్యులర్ వచ్చింది. బ్రిటన్ చట్టమైతే కొన్ని రకాల సేవా సంస్థలను కూడా కలుపుకుంది. సొంత నియమావళిలో ఆ వీలు రాసుకోని సంఘాలకు మాత్రం టెన్షనే. సర్వసభ్య సమావేశం పెట్టకపోతే కార్యవర్గం గడువు దాటుతుంది, వీడియోలో పెడితే అది చెల్లుతుందో లేదో తెలియదు. విపత్తు ప్రకటించిన రోజే ఆన్‌లైన్ ఎన్నికలూ తీర్మానాలూ చెల్లుతాయని, సభ్యత్వాల గడువు తనంతట తానే పొడిగింపు అవుతుందని చట్టంలో రాసి ఉంచండి. ఆదాయం పోయినవాడు చందా కట్టలేక మొహం చాటేస్తాడు, ఆ తర్వాత తిరిగి రావడానికి సిగ్గుపడతాడు. మేం పోగొట్టుకున్న సభ్యుల్లో ఎక్కువమంది అలా దూరమైనవాళ్లే.

తలుపులు మళ్లీ తెరిచేటప్పుడు కూడా "సాంస్కృతిక కార్యక్రమాలు" అని ఒక్క మాటతో అన్నిటినీ కలిపేయొద్దు. చిత్రలేఖనం తరగతికీ బృందగానానికీ ఒకే ప్రమాదం ఉండదు. అమెరికాలో సంగీత విద్యా సంఘాలు చేయించిన అధ్యయనం 30 నిమిషాల రిహార్సల్ తర్వాత గది ఖాళీ చేసి గాలి మారనివ్వాలని సూచించింది. అంత స్పష్టంగా చెబితే మేం పాటిస్తాం.

ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరిని ఒంటరితనం బాధిస్తోందని 2025 జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కమిషన్ తేల్చింది. జపాన్ 2021 ఫిబ్రవరిలో, మహమ్మారి మధ్యలోనే, దీనికోసం ఒక మంత్రిని నియమించింది. మీరు కొత్తగా శాఖ పెట్టనక్కర్లేదు. ఎవరు ఒంటరిగా ఉంటున్నారో, ఎవరికి ఫోన్ చేయాలో తెలిసిన సంఘాలు ఇప్పటికే ఉన్నాయి. వాటి వివరాలు మీ శాఖ దగ్గర తాజాగా ఉంటే, విపత్తు మొదటి వారంలోనే సరైన ఆరోగ్య సమాచారం మా ద్వారా ఇళ్లకు చేరుతుంది.

ప్రణాళిక ముసాయిదా కమిటీలో చిన్న సంఘాల నుంచి ఒకరిని, పాత కార్యదర్శుల్లో ఒకరిని కూర్చోబెట్టండి. ఫోన్లు చేసే పని ఎలా పంచుకున్నామో, ఏ నియమాల దగ్గర చిక్కుకున్నామో రాసి తెస్తాం. తేదీ చెబితే చాలు.

ఇట్లు,
ఒక పూర్వ విద్యార్థుల సంఘం కార్యదర్శి