వార్షిక నివేదిక 2024–25: గురజాడను గొంతెత్తి చదివిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘంలో సభలు తగ్గాయి, చదువు పెరిగింది. సెప్టెంబరు 21న గురజాడ అప్పారావు గారి జయంతికి విగ్రహానికి దండ వేసి, ప్రసంగాలు విని, పులిహోర పొట్లం పట్టుకుని ఇళ్లకు పోవడం మనకు అలవాటే. దాన్ని మానలేదు. దండను మాత్రం ఇనుప తీగతో కాకుండా అరటి నారతో కట్టించి, సాయంత్రానికే తీయించాం. మన బీచ్ గాలికి తీగ ఇట్టే తుప్పు పడుతుంది, ఆ మరక ఓ పట్టాన వదలదు. ఇక మిగిలిన శ్రమంతా విశాఖ ఎం.వి.పి. కాలనీ హాల్లో నెలనెలా జరిగిన పఠన తరగతుల మీదే పెట్టాం. ఆ కవి రాసింది మాత్ర (అక్షరం పలికే కాలపు కొలత: పొట్టి అక్షరానికి ఒకటి, సాగే అక్షరానికి రెండు) తప్పకుండా చదవగలగడమే ఆయనకు మనం చేసే మర్యాద అని కార్యవర్గం ఉద్దేశం.

‘దేశభక్తి’తో మొదలుపెట్టాం. ఆ గేయం గురజాడ వాడిన ముత్యాల సరం అనే ఛందస్సులో ఉంది. అందులో మొదటి మూడు పాదాలదీ 3+4+3+4 నడక, పాదానికి 14 మాత్రలు. ఈ గేయంలో నాలుగో పాదం 12తో ఆగుతుంది. వృషభగతి రగడ అనే పాత ఛందస్సు తెలిసినవారికి ఇది కొత్త కాదు. అక్కడి ఒక పాదమే ఇక్కడ రెండు పాదాలైంది. చేత్తో తాళం ఇలా వేయించాం: ఏడు మాత్రల్లో ఒకటో మాత్ర మీద ఒక దెబ్బ, నాలుగో మాత్ర మీద ఇంకో దెబ్బ. తకిట, తకధిమి అనుకుంటూ వేస్తే పిల్లలకు పది నిమిషాల్లో పట్టుబడింది. పెద్దలకే ఆలస్యమైంది, ఎందుకంటే వాళ్లకు గేయం ముందే వచ్చు, తప్పుగా వచ్చు.

తప్పులు ఎక్కడంటే, ‘తిండి కలిగితె కండ కలదోయ్’ దగ్గర దాదాపు అందరూ ‘కలిగితే’ అని సాగదీస్తారు. ‘కలిగితె’ నాలుగు మాత్రలు, ‘కలిగితే’ అయిదు. ఆ ఒక్క మాత్రతో తర్వాతి ‘కండ’ తాళం మీద పడదు. అలాగే ‘గట్టి మేల్ తలపెట్టవోయ్’లో ‘మేల్’ను ‘మేలు’ చేస్తే నాలుగు ఉండాల్సిన చోట అయిదు వస్తాయి. అచ్చులో సరిగ్గానే ఉంటుంది, నోరే సవరిస్తుంది. నాలుగో పాదం చివర మిగిలే రెండు మాత్రల మౌనాన్ని కూడా తాళంలో లెక్కపెట్టాలి. అక్కడ ఆగకుండా తర్వాతి చరణంలోకి దూకితే గుంపు పఠనం రెండుగా చీలిపోతుంది. అందుకే ఇచ్చిన జిరాక్సు కాగితాల్లో చరణానికీ చరణానికీ మధ్య రెండు వేళ్ల ఖాళీ వదిలాం.

ఇంకో మాట. ఊళ్లో గోడల మీద, బళ్ల మీద కనిపించేది ‘దేశమంటే మట్టికాదోయ్, దేశమంటే మనుషులోయ్’ అన్న రెండు పాదాలే. దాని పైనున్న ‘సొంత లాభం కొంత మానుకు, పొరుగువాడికి తోడుపడవోయ్’ను ఎవరూ రాయించరు. ఖర్చయ్యే సగం అదే మరి! ఇకపై మన బ్యానర్ల మీద చరణం మొత్తం వేయించాలని తీర్మానించాం.

‘పూర్ణమ్మ’ అనే గేయకథను వేరే నెలకు పెట్టాం. ‘మేలిమి బంగరు మెలతల్లారా’ అన్నది నాలుగేసి మాత్రల నడక. ‘దేశభక్తి’ చదివిన నోటితో వెంటనే ఎత్తుకుంటే పాత తాళమే వచ్చి ‘మేలిమి’ దగ్గరే తడబడతారు. పైగా ఆ కథ ఊపుతో చదివేది కాదు. చివరి చరణాల్లో గొంతు పెంచి ఏడుపు తెప్పించాలని చూస్తే పూర్ణమ్మ పోతుంది, చదివేవాడు మిగులుతాడు.

‘కన్యాశుల్కం’ కూర్చుని చదివే నాటకంగా సాగింది. మొదట రెండు రకాల ప్రతులు వచ్చి గందరగోళమైంది. 1897 నాటి మొదటి కూర్పుకు అయిదు అంకాలు, 1909 కూర్పుకు ఏడు. మనం 1909 కూర్పునే ఖాయం చేశాం. పాత్రకొకరు, రంగసూచనలకు విడిగా ఒకరు. గిరీశం పాత్రధారులకు 1955 సినిమాలో ఎన్.టి. రామారావు గారి గొంతు అడ్డొస్తుంది, కాబట్టి ఆ నెల సినిమా చూడొద్దని చెప్పాం. యాస సంగతీ అంతే: అగ్నిహోత్రావధానులు నోట మన ఉత్తరాంధ్ర మాటను హాస్యం కోసం లాగితే ఆయన కోపం తేలిపోతుంది. సమయం చాలక కోసేవాళ్లు ముందుగా సారా దుకాణం స్థలాన్నే (రంగాన్నే) తీసేస్తారు. బైరాగీ, దుకాణదారూ పోతే వీధి మాట పోతుంది. కోయాల్సి వస్తే పొడుగు సంభాషణల్లో వాక్యాలు తగ్గించండి, స్థలాన్ని ఉంచండి.

విజయనగరం యాత్రలో గురజాడ ఇల్లు చూసి, నాటకం మొదలయ్యే బొంకులదిబ్బ దగ్గర మొదటి స్థలం చదివాం. ట్రాఫిక్ హోరులో మైకు లేకుండా అది కుదిరే పని కాదు. ఈసారి ఉదయం ఏడు లోపే చదవాలి.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం.

వచ్చే ఏడాది ‘కన్యక’, ‘లవణరాజు కల’ చేపడతాం. నవంబరు 30 వర్ధంతికి 1910 నాటి ‘దిద్దుబాటు’ కథ చదువుతాం. గురజాడ పుట్టిన ఎస్.రాయవరం యాత్రకు పేర్లు కోశాధికారి దగ్గర రాయించండి. తరగతికి వచ్చేవారు ఎవరి ప్రతి వారే తెచ్చుకోవాలి, మాత్రలు గుర్తుపెట్టుకోవడానికి పెన్సిలు కూడా. పెన్నుతో గీస్తే తప్పు గుర్తు చెరపడం కష్టం.