గంపలు మోసేవారి పూచీ ఎవరిది?

సంపాదకునికి,

కష్టపడితే పేదరికం పోతుందని చెప్పేవారు ఒకసారి తెల్లవారుజామున విశాఖ చేపల రేవుకు రావాలి. గంపలు ఎత్తే ఆ ఆడవాళ్లలో సోమరులు నాకు ఇంతవరకు కనిపించలేదు. పొద్దున అప్పు తెచ్చి చేపలు కొంటారు, సాయంత్రానికి వడ్డీతో కడతారు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టాలి కదా, నిషేధం సబబే. కానీ ఆ రోజులకు ప్రభుత్వం ఇచ్చే భృతి పడవ మీద వేటకు వెళ్లేవారికే. ఒడ్డున చేపలు ఎండబెట్టేవారి, ఐసు మోసేవారి పొయ్యి ఎలా వెలగాలి? కార్మికులందరికీ బతకడానికి చాలినంత వేతనం దక్కేలా రాజ్యం కృషి చేయాలని రాజ్యాంగం 43వ అధికరణం చెబుతోంది. దాతలు పంచే దుప్పట్లతో ఆ పూచీ తీరదు. ముందు ఈ మహిళలకు నిషేధ కాలపు భృతి, తక్కువ వడ్డీకి బ్యాంకు రుణం ఇవ్వండి.

– ఒక పాఠకుడు, పెదజాలారిపేట, విశాఖపట్నం